కాఫీకి నీడ కావలసినంత కాలం: పాడేరు కొండల్లో ఒక చెట్ల ప్రాజెక్టు కేస్ స్టడీ

పాడేరుకు ఎగువన ఉన్న ఒక పంచాయతీలోని మూడు గూడేలలో, ఆదివాసీ రైతుల పొలం గట్ల మీదా కొండ వాలు పోడు భూముల్లోనూ చెట్లు పెంచే ప్రాజెక్టుకు నేను క్షేత్ర సమన్వయకర్తగా పనిచేశాను. కాఫీ తోటకు నీడనిచ్చే చెట్లు, వాటి నడుమ పనస, నేరేడు, మామిడి, నీడ చెట్ల మొదళ్ళకు మిరియాల తీగలు, గట్ల మీద వంటచెరకుకు పనికొచ్చే చెట్లు. ప్రతిపాదన కాగితంలో ప్రాజెక్టు స్వరూపం ఇది. సంస్థ పేరు, గూడేల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఇందులో చెప్పబోయే పొరపాట్లలో ఎక్కువ భాగం మావే కావడం ఒక కారణం; ఆ కుటుంబాల భూమి వివరాలు బయటపెట్టే హక్కు నాకు లేకపోవడం ఇంకో కారణం.

చెట్ల ప్రాజెక్టులకు వర్తించే సుస్థిరత ప్రమాణాలను పుస్తకంలో చదివిన వరుసలో గాక, అవి ఆ కొండ వాలు మీద ఒక్కొక్కటిగా మాకు ఎదురైన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. నాటిన మొక్క గురించి ఆ ప్రమాణాలు చాలా అడుగుతాయి. పదిహేనో ఏట అదే చెట్టును రైతు ఎందుకు ఉంచుకుంటాడు, ఎందుకు కొట్టేస్తాడు అన్నది మాత్రం తక్కువగా అడుగుతాయి. మా ప్రాజెక్టులో బాగుపడినవీ చెడిపోయినవీ దాదాపు అన్నీ ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

నేల, తోట

పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లోనే గాని, ఈ కొండల మీద కాఫీ పాతది. బ్రిటిష్ కాలంలో తూర్పు కనుమల్లో అక్కడక్కడ మొదలై, 1960లలో అటవీ శాఖ చేతుల మీదుగా రిజర్వు అడవుల్లో విస్తరించి, ఆ తర్వాతి దశాబ్దాల్లో గిరిజన సహకార సంస్థ, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డుల చొరవతో ఆదివాసీ రైతు సొంత తోటగా మారింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీని ప్రోత్సహించడం వెనుక పోడు మానిపించాలనే ఉద్దేశం మొదటినుంచీ ఉంది. పోడు మానితే భూమికి కాపలాగా ఏదో ఒక దీర్ఘకాలిక పంట ఉండాలి, ఆ పంటకు పైన చెట్టు ఉండాలి అనే తర్కం అది, చాలావరకు పనిచేసిన తర్కం కూడా.

అరబికా కాఫీ నీడ లేకుండా ఇక్కడ నిలవదు. ఎండకు బయటపడిన మొక్కల కాండాన్ని తెల్ల కాండం తొలుచు పురుగు ఎక్కువగా ఆశిస్తుందనీ, పైనీడ తొలగించిన తోటలో మొక్కలు ఒక్కొక్కటే వాడిపోతాయనీ ఇక్కడి ఏ రైతుకూ వేరే చెప్పనక్కరలేదు. ఈ ఒక్క విషయం మా ప్రాజెక్టుకు ఎంత పెద్ద ఆస్తో మొదట్లో మాకు అర్థం కాలేదు. మైదానంలో జామాయిల్, సుబాబుల్ వేసిన రైతుకు చెట్టే పంట. అది మిల్లుకు చేరితేనే అతనికి డబ్బు. ఇక్కడ చెట్టు పంటకు గొడుగు. గొడుగు అవసరం ఉన్నంత కాలం ఎవరూ దాన్ని విరగ్గొట్టుకోరు.

ఆ గొడుగుగా ఇక్కడ ఎక్కువగా వాడింది సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతపు చెట్టు, తొందరగా ఎదుగుతుంది, నిటారుగా పోతుంది, పలచని నీడనిస్తుంది, మిరియాల తీగ పాకడానికి అనువుగా ఉంటుంది. ఒకటే లోపం, పెనుగాలికి ఆగదు. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఈ కొండల మీదుగా పోయినప్పుడు సిల్వర్ ఓక్‌లు విరిగి, కూలి, కింద ఉన్న కాఫీని తొక్కేశాయి. అవి కూలిన తోటల్లో మిగిలిన కాఫీ మొక్కలకు నీడా పోయింది. చాలామంది రైతులకు తోట మళ్ళీ మొదటికొచ్చింది. మేం ప్రాజెక్టు మొదలుపెట్టేనాటికి ఆ జ్ఞాపకం గూడేలలో ఇంకా పచ్చిగానే ఉంది.

ఒకే చేనుకు నాలుగు తేదీలు

మా ప్రాజెక్టుకు డబ్బు రావలసిన దారులు రెండు. ఒకటి కార్బన్ క్రెడిట్లు, అంటే చెట్లు పీల్చి దాచిన బొగ్గుపులుసు వాయువుకు టన్నుల లెక్కన ఇచ్చే పత్రాలు, కొనేవారు; రెండోది కాఫీ కొనేవారు. ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ భూమి ఇంతకుముందు అడవా? సమాధానం సులువని అనుకున్నాం. ఆ ప్రశ్నకు నాలుగు వేర్వేరు తేదీల దగ్గర నాలుగు వేర్వేరు సమాధానాలు చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

ఇలాంటి క్రెడిట్లు ఇచ్చేందుకు క్యోటో ఒప్పందం కింద నడిచిన సీడీఎం విధానంలో చెట్లు నాటే భూమి 1989 డిసెంబర్ 31 నాటికి అడవి కాకూడదు. మన ఖమ్మం ప్రాంతంలో ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు 2009లో నమోదైంది ఆ పద్ధతిలోనే. ఇప్పుడు స్వచ్ఛంద కార్బన్ మార్కెట్లో ఎక్కువగా వాడే వెరా సంస్థ వీసీఎస్ ప్రమాణంలో తేదీ స్థిరంగా ఉండదు; ప్రాజెక్టు మొదలవడానికి ముందు పదేళ్లలో అక్కడి సహజ వృక్షజాలాన్ని నరికి ఉండకూడదు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం ఆదివాసీ రైతుకు పోడు పట్టా రావాలంటే అతను 2005 డిసెంబర్ 13కు ముందునుంచే ఆ భూమిని సాగు చేస్తూ ఉండాలి. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన అడవుల నరికివేత నిరోధక నిబంధన ప్రకారం కాఫీ పండిన నేల 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నుంచి సాగులోకి మారినది కాకూడదు. అడవుల నిర్వహణకు ధ్రువీకరణ ఇచ్చే ఎఫ్ఎస్‌సీ వారు కూడా తమ పాత 1994 గడువును సవరించి ఇదే 2020 తేదీకి వచ్చారు.

ఇందులో తమాషా ఏమిటంటే, పట్టా కోసం 2005కు ముందే సాగులో ఉందని రుజువు చేసుకున్న రైతే, కార్బన్ కోసం ఆ భూమిలో పదేళ్లుగా సహజ వృక్షాలు కొట్టలేదని రుజువు చేసుకోవాలి. పోడు భూమికి ఈ రెండూ ఒకేసారి కుదరడం కష్టం. పోడు అంటే సాగు ఒక్కటే కాదు, విడుపు కూడా. కొన్నేళ్లు పండించి కొన్నేళ్లు బీడు వదిలితే మోడుల నుంచి చిగుళ్ళు వచ్చి, పొద పెరిగి, ఉపగ్రహ చిత్రంలో అది చిన్న అడవిలాగే కనిపిస్తుంది. మళ్ళీ కొట్టి కాల్చితే అదే చిత్రంలో నరికివేతలా కనిపిస్తుంది. మా కన్సల్టెంటు పంపిన పటంలో పచ్చగా చూపిన చోట్లను తీసేస్తే దాదాపు అన్ని కుటుంబాల భూమీ ముక్కలుముక్కలుగా పోయేది. పచ్చగా లేని చోట్లే ఉంచుకుంటే, నిజంగా మొన్నమొన్నటిదాకా పెద్ద చెట్లున్న వాలు కూడా లోపలికి వచ్చేది.

చివరికి పటాన్ని మడిచి, గూడెంలో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఒక్కొక్క చేనూ తిరిగాం. సంవత్సరాలు అడిగితే ఎవరూ చెప్పలేదు. పంటలు అడిగితే చెప్పారు. ‘ఆ ఏడు ఇందులో చోళ్ళు ఏసేం, ఆ మర్సటేడు సామలు, తర్వాత వలిసెలు ఒక్కటే పండింది, అప్పుడు ఇడిసిపెట్టేసేం’ అని ఒక పెద్దాయన చెబుతూ, ఒక మోడు దగ్గర ఆగి దాని పక్కన లేచిన కొమ్మల లావు చేత్తో పట్టి చూపించాడు. మోడు మీద ఎన్ని విడతల కొడవలి గాట్లున్నాయో చూస్తే ఎన్నిసార్లు పోడు తిరిగిందో తెలుస్తుంది. మేం ఆ సమాచారాన్ని పాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, రెండూ ఒకే మాట చెప్పిన చేలనే ప్రాజెక్టులో పెట్టాం. కొన్ని చేలు పోయాయి, అందులో కొందరికి కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే. ఆ చేలకు పండ్ల మొక్కలు వేరే ఖాతాలోంచి ఇచ్చాం గాని కార్బన్ లెక్కలో చేర్చలేదు.

రెండో ప్రశ్న, ఈ ప్రాజెక్టు లేకపోయినా ఈ చెట్టు ఇక్కడ పెరిగేదా అన్నది. దీన్ని అదనత అంటారు. ఐటీడీఏ కాఫీ పథకం కింద సిల్వర్ ఓక్ మొక్క ఎలాగూ వచ్చే గూడెంలో అదే మొక్కను మా ఖాతాలో రాసుకుంటే అది దొంగలెక్కే. అందుకని పథకం కింద నీడ మొక్కలు అందిన తోటల్లో మేం చేర్చిన పండ్ల చెట్లను, స్థానిక జాతులను, గట్ల మీద చెట్లను మాత్రమే లెక్కించాం. క్రెడిట్ల అంచనా బాగా తగ్గింది. డబ్బు పెట్టేవారికి అది నచ్చలేదు గాని, ఆడిట్‌లో ఒక్క ప్రశ్న కూడా రాని భాగం అదే.

మొక్క ఎందుకు చచ్చింది

మొదటి ఏడాది నాటిన మొక్కల్లో చాలా భాగం మరుసటి వేసవి దాటలేదు. కారణాలు వెతికితే ఏ ప్రమాణ పత్రంలోనూ లేని విషయాలు బయటపడ్డాయి.

నర్సరీ మైదానంలో ఉంది. లారీ ఘాట్ ఎక్కి వచ్చేసరికి జూన్, జూలై వానలు అయిపోయాయి. మొక్కలు దిగినప్పుడు రైతులందరూ వరి నాట్లలో ఉన్నారు, కూలి ఇచ్చి గుంతలు తీయించిన చోట మనుషులు తొందరపడి సంచితో సహా పాతేశారు. తర్వాత నేను ఒక ఎండిన పనస మొక్కను పీకి చూస్తే పాలిథిన్ సంచి చిరగకుండా అలాగే ఉంది, వేళ్ళు దానిలోపల చుట్టలు చుట్టుకుని గట్టి ఉండలా అయిపోయాయి, ఒక్క వేరు కూడా బయటి మట్టిని తాకలేదు. ఆ మొక్క ఫొటో మా నాటిన మొక్కల లెక్కలో ఉంది, అక్షాంశ రేఖాంశాలతో సహా.

బతికినవాటిని పశువులు తిన్నాయి. ఇక్కడ కోతలైపోయాక పశువులను విడిచిపెట్టడం వాడుక. పంట లేని చేను అందరి మేతభూమి. మేం ఒక్కొక్క మొక్కకూ ముళ్లకంప కట్టమని సొమ్ము ఇచ్చాం. ముళ్లకంప వేసవిలో పొయ్యిలోకి పోయింది. రెండో ఏడు ఆ సొమ్ము ఆపి, మూడు గూడేల పెద్దలను కూర్చోబెట్టి పశువులను ఏ వైపు తోలాలి, ఏ వాలు ఎన్నేళ్లు మూసి ఉంచాలి, తప్పు పడితే ఎంత కట్టాలి అన్నది వాళ్లనే నిర్ణయించమన్నాం. తప్పు సొమ్ము ఎంతో నేను రాయను, నవ్వు వచ్చేంత తక్కువ. కానీ పదిమందిలో కట్టాల్సి రావడమే అసలు శిక్ష కాబట్టి అది పనిచేసింది. కాపరి పిల్లలకు కూలి ఇవ్వడం కూడా వాళ్ల నిర్ణయమే, దాన్ని మేం ప్రాజెక్టు ఖర్చులో పెట్టాం.

ఇదంతా ఒక ఎత్తు, బతికిన మొక్కలు ఎక్కడ బతికాయన్నది ఒక ఎత్తు. ఒక ఇంటి వెనుక పెరట్లో పనస మొక్క నిగనిగలాడుతూ నడుమెత్తు ఎదిగింది. ఎరువు ఏం వేశావమ్మా అని అడిగితే, అంట్లు తోమిన నీళ్లు అటే పోతాయని ఆమె చెప్పింది. ఆ తర్వాత మేం పండ్ల మొక్కలను చేను మధ్యలో వరుసలు కట్టి నాటించడం మానేసి, ఇంటి ఆడవాళ్లు రోజూ నడిచే దారి వెంట, ఊటల దగ్గర, పెరళ్లలో నాటించాం. ఎకరానికి ఇన్ని మొక్కలు అన్న ప్రతిపాదన పట్టిక చెదిరిపోయింది. పర్యవేక్షణకు వచ్చినవారికి అది క్రమశిక్షణ లేని నాట్లలా కనిపించింది.

జాతుల ఎంపిక కూడా ఇలాగే చేదుగా నేర్చుకున్నాం. పక్షులకు అనుకూలమైన కాఫీకి స్మిత్సోనియన్ సంస్థ ఇచ్చే గుర్తింపులో కనీసం 40 శాతం నీడ, ప్రధానమైన నీడ చెట్టుతో పాటు కనీసం పది రకాల ఇతర చెట్లు ఉండాలి. మేం ఆ గుర్తింపుకు దరఖాస్తు చేయలేదు గాని ఆ కొలబద్దను తెచ్చుకుని మా తోటల మీద పెట్టి చూశాం. సిల్వర్ ఓక్ తప్ప మరొకటి లేని తోటలు నీడలో నెగ్గి, జాతుల్లో తప్పాయి. హుద్‌హుద్‌లో తప్పింది కూడా సరిగ్గా అక్కడే. నర్సరీలో విత్తనం సులువుగా దొరికేదీ, సులువుగా మొలిచేదీ సిల్వర్ ఓక్ కాబట్టి మా జాతుల జాబితా అసలు నర్సరీ గుమస్తా రాసినదని తర్వాత అర్థమైంది. గూడెంలోనే చిన్న నర్సరీ పెట్టి, మేడి, నేరేడు, పనస గింజలు, కొమ్మలు అక్కడే సేకరించి పెంచడం మొదలుపెట్టాక ఆ జాబితా మారింది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ 2020లో ప్రకటించిన ప్రకృతి ఆధారిత పరిష్కారాల ప్రమాణంలో 8 కొలమానాలు, 28 సూచికలు ఉన్నాయి. వాటిని నింపడం నాకు చాలావరకు ఆఫీసు పనిగానే అనిపించింది. ఒక లాభానికి మరొకటి ఎంత వదులుకుంటున్నామో చెప్పమనే కొలమానం ఒక్కటే కళ్లు తెరిపించింది. గట్టు మీద మామిడి ఎదిగితే దాని కింద రెండు మూడు సాళ్ల చోళ్ళు పండవు. మా కాగితంలో మామిడి ఆదాయం ఉంది, పోయే చోళ్ల లెక్క లేదు. ఆ లెక్క వేసి చూపించాక కొందరు రైతులు దక్షిణపు గట్టు మీద నాటమని, చేను మీద నీడ పడకుండా కొమ్మలు కొట్టుకునే హక్కు ఉండాలని అడిగారు. రెండోదానికి మేం ఒప్పుకున్నాం. మొదటిదానికి, సూర్యుడి దారి లెక్కన దక్షిణపు గట్టు చెట్టు నీడే చేను మీద పడుతుంది, నాటాల్సింది ఉత్తరపు గట్టు మీద కదా అని ఒక కుర్రాడు పెద్దవాళ్లనే సరిచేశాడు.

టేపు, తీగ, సూత్రం

చెట్టులోని కార్బన్‌ను తూకం వేయరు, చుట్టుకొలత నుంచి అంచనా కడతారు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, టేపు చుట్టి కొలత తీసి, ఆ జాతికి తగిన సూత్రంలో వేసి ఎండు బరువు కడతారు. లెక్క ఎలా ఉంటుందో చెప్పడానికి: నేలపైనున్న భాగం ఎండు బరువు 100 కిలోలనుకుంటే, వేళ్లకు పాతిక శాతం కలిపి 125 కిలోలు, అందులో కార్బన్ వాటా 0.47 చొప్పున 58.75 కిలోలు, దాన్ని 44/12తో గుణిస్తే సుమారు 215 కిలోల బొగ్గుపులుసు వాయువు. అంటే ఒక టన్ను క్రెడిట్‌కు అలాంటి చెట్లు దాదాపు ఐదు కావాలి. క్రెడిట్ ధర ఎంతైనా గాని, ఒక కుటుంబానికి ఇందులో వచ్చేది ఏడాదికి ఎంతో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది. దాని పక్కన మిరియాల ఆదాయం పెడితే, రైతు చెట్టును దేనికోసం ఉంచుకుంటాడో వేరే సర్వే అక్కర్లేదు.

కొలతలో మేం చేసిన తప్పు కూడా మిరియాల దగ్గరే. సిల్వర్ ఓక్ మొదలు చుట్టూ తీగ దట్టంగా పాకి ఉంటే మా కుర్రాళ్లు తీగ మీదుగానే టేపు చుట్టేశారు. తీగను లాగితే వేళ్లు ఊడి రైతుకు నష్టం, లాగకపోతే కొలత తప్పు. చుట్టుకొలతలో పది శాతం ఎక్కువ వస్తే బరువు అంచనాలో పాతిక శాతం దాకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే సూత్రంలో కొలత ఘాతంగా పెరుగుతుంది. వాలు మీద చెట్టును దిగువ వైపు నిలబడి కొలిచినా తేడానే; ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ విడత కొలతలన్నీ పక్కన పెట్టి, తీగ కాడల సందుల్లోంచి టేపును నెమ్మదిగా దూర్చి మళ్లీ తీశాం. ఒక్కో చెట్టుకు పట్టే సమయం మూడింతలైంది. దాంతో చెట్లన్నీ కొలవడం మాని, శాశ్వత నమూనా స్థలాలను గుర్తించి వాటిలోనే ప్రతి విడతా కొలిచే పద్ధతికి వచ్చాం. మొదటే అలా చేయాల్సింది.

నలభై ఏళ్లు ఎవరివి

నాకు అన్నిటికంటే కష్టమనిపించిన అంశం శాశ్వతత్వం. చెట్టులో దాచిన కార్బన్ చెట్టు పడిపోతే మళ్లీ గాలిలో కలుస్తుంది. సీడీఎం కాలంలో దీనికి విరుగుడుగా చెట్ల ప్రాజెక్టులకు తాత్కాలిక క్రెడిట్లు ఇచ్చేవారు, గడువు తీరాక కొన్నవాడు వాటి స్థానంలో వేరేవి కొనుక్కోవాలి. అలాంటి సరుకు ఎవరికీ అక్కర్లేకపోయింది, ఐరోపా మార్కెట్ వాటిని అసలు తీసుకోలేదు. వీసీఎస్ వేరే దారి పట్టింది: ప్రాజెక్టు ప్రమాదాన్ని అంచనా వేసి, దానికి తగినన్ని క్రెడిట్లను అమ్మకుండా ఉమ్మడి నిల్వలో ఉంచుతారు; తుపానో కార్చిచ్చో వస్తే నష్టాన్ని ఆ నిల్వలోంచి కొట్టేస్తారు. వ్యవధి కూడా పెంచారు, ఒకప్పుడు 20 ఏళ్లు చాలేది, 2023 సవరణల తర్వాత కనీసం 40 ఏళ్లు.

నలభై ఏళ్లంటే ఆ గూడెంలో రెండు తరాలు. ఒప్పందం చదివి వినిపించిన గ్రామసభలో నేను తెలుగులో చెప్పింది ఒక స్థానిక ఉపాధ్యాయుడు ఆదివాసీ ఒడియాలో చెప్పాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక వరుసలోంచి ఒక ముసలాయన అడిగాడు: ‘గాలికి డబ్బులిస్తారేటి బాబూ? సరే ఇస్తారనుకో. మరి కొండకి అగ్గంటుకున్న ఏడు మేం మీకియ్యాలా?’

నష్టం వస్తే బాధ్యత ఎవరిది అనే ప్రశ్నను అంత సూటిగా ఏ ఆడిటరూ అడగలేదు. మా ముసాయిదా ఒప్పందంలో దానికి సమాధానం తికమకగా ఉంది. రైతు తప్పు వల్ల నష్టమైతే చెల్లింపులు ఆపవచ్చన్న మాట, తప్పు అంటే ఏమిటో నిర్వచించకుండా, ఒక మూల ఉంది. ఆ సభలో సంతకాలు తీసుకోకుండా వచ్చేశాం. రెండు నెలల తర్వాత మార్చిన ఒప్పందంతో వెళ్లాం. ప్రకృతి వైపరీత్యానికీ, పొరుగు నుంచి పాకిన మంటకూ రైతుకు బాధ్యత లేదని, ఇచ్చిన సొమ్ము ఏ పరిస్థితిలోనూ వెనక్కి అడగరాదని, రైతు ఒక ఏడాది ముందు చెప్పి బయటికి పోవచ్చని అందులో రాశాం. స్వేచ్ఛగా, ముందుగా, తెలిసి ఇచ్చే సమ్మతి అని ప్రమాణాలన్నీ రాస్తాయి. కాదని చెప్పి బయటికి పోయే దారి లేకపోతే అందులో స్వేచ్ఛ ఎక్కడిది?

హక్కుల చిక్కు ఇంకా ఉంది. ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల భూమి ఆదివాసీయేతరుల పేరు మీదికి మారదు. అటవీ హక్కుల పట్టా వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్మడానికి, బదలాయించడానికి వీలులేదు. ఇవి రైతుకు రక్షణలు, వాటిని ఏ కార్బన్ ఒప్పందమూ పలచన చేయకూడదని మా న్యాయవాది గట్టిగా చెప్పాడు. అందుకే భూమి మీద ఎలాంటి భారమూ పెట్టకుండా, చెట్టు పెంపకం అనే సేవకు చెల్లింపు అనే రూపంలో ఒప్పందం రాశాం. అమ్మకపు సొమ్ములో కనీసం 60 శాతం స్థానికులకు చేరాలన్నది ప్లాన్ వివో ప్రమాణపు నియమం. మేం ఆ ప్రమాణంలో లేకపోయినా ఆ సంఖ్యనే అరువు తెచ్చుకుని ఒప్పందంలో రాశాం. డబ్బు పెట్టేవారితో అన్నిటికంటే ఎక్కువ రోజులు వాదన జరిగింది దీని మీదే.

ఇక కొట్టే హక్కు. అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది, వెదురు కూడా అందులోకి వస్తుంది, కలప రాదు. పోడు పట్టా భూమిలో రైతు తన చేత్తో నాటిన సిల్వర్ ఓక్ ముదిరాక దాన్ని కొట్టి అమ్మాలంటే ఎవరి అనుమతి కావాలో ఒక్కో కార్యాలయంలో ఒక్కో మాట విన్నాం. పట్టా భూమిలోనైనా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద నరికివేతకు అనుమతి, అటవీ శాఖ నుంచి రవాణా పర్మిట్ అనే మెట్లు ఉన్నాయి. 2014 జాతీయ వ్యవసాయ అటవీ విధానం ఈ నరికివేత, రవాణా నియమాలను సులభం చేయాలని స్పష్టంగా రాసింది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ వ్యవసాయ భూముల్లో చెట్ల నరికివేతకు నమూనా నియమాలు రాష్ట్రాలకు పంపింది. కానీ రైతు దాన్ని నమ్మేది తన పక్క చేనువాడు లారీకి కలప ఎక్కించి, చెక్‌పోస్టు దాటి, డబ్బుతో తిరిగొచ్చినప్పుడే. కొట్టే హక్కు ఇస్తే చెట్లు పోతాయని అధికారులు భయపడతారు. మా గూడేలలో నేను చూసింది దీనికి తలకిందులు. కొట్టుకోలేనని అనుమానం ఉన్న రైతు పనస, మేడి నాటడానికే వెనకాడాడు. రేపు అటవీ శాఖవాళ్లు ఇది అడవి అంటారేమో అన్నది అతని భయం.

కాఫీ కొనేవాడి ప్రశ్న

దీన్ని క్లుప్తంగా చెప్పేస్తాను. ఐరోపా నిబంధనలో కాఫీ, కోకో, పామాయిల్, రబ్బరు, సోయా, కలప, పశువులు అనే ఏడు సరుకులున్నాయి. సరుకు పండిన ప్రతి చేను అక్షాంశ రేఖాంశాలూ ఇవ్వాలి. నాలుగు హెక్టార్ల లోపు చేనుకు ఒక్క బిందువు చాలు, ఆ పైన సరిహద్దు గీత కావాలి. మా రైతులందరూ నాలుగు హెక్టార్ల లోపువాళ్లే. అమలు గడువు ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది గాని ఎగుమతిదారులు ముందే అడగడం మొదలుపెట్టారు. బిందువులు తీయడం కష్టం కాలేదు, పేర్లు కలపడమే కష్టమైంది. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది, కాఫీ అమ్మకం పుస్తకంలో మగవాడి పేరొక్కటే ఉంటుంది, బ్యాంకు ఖాతా కొన్నిచోట్ల కొడుకుది. చేను ఒకరిది, గింజ ఒకరిది, సొమ్ము ఒకరిది అన్నట్టు తయారైన ఆ పట్టికను సరిచేయడానికి ఒక కాపు కాలం పట్టింది. సరిచేశాక ఆడవాళ్ల పేర్లు కాఫీ పుస్తకంలోకి వచ్చాయి. మేం దాన్ని లక్ష్యంగా పెట్టుకోలేదు. ఐరోపావాడి అడవి బెంగ వల్ల ఇక్కడ అది జరిగింది.

రిజిస్టరులో కొత్త గడి

చివరిగా ఒక చిన్న విషయం, మా పర్యవేక్షణ పద్ధతి మారడానికి కారణమైనది. ఒక మే నెల చివర్లో, తొలకరికి ముందు, నేను నమూనా స్థలానికి వెళ్లేసరికి ఒక రైతు సిల్వర్ ఓక్ ఎక్కి కొమ్మలు నరుకుతున్నాడు. కింద అతని భార్య వాటిని మోపులు కడుతోంది. మా రిజిస్టరు ప్రకారం అది నష్టం. జీవద్రవ్యం తొలగించినట్టు రాయాలి, కారణం గడిలో ‘నరికివేత’ అని పెట్టాలి. నేను అడిగితే, వానల్లో నీడ చిక్కగా ఉంటే కాఫీ కాయ నిలవదని, తెగులు వస్తుందని, అందుకే ఏటా ఈ రోజుల్లో పైనీడ పలచన చేస్తామని అతను చెట్టు మీదనుంచే చెప్పాడు. నరికిన కొమ్మల్లో సన్నవి కాఫీ మొదళ్లలో పరిచాడు, లావువి పొయ్యిలోకి. ఆ ఇంటికి ఆ నెలంతా అడవికి కట్టెలకు పోవలసిన పని లేదు.

చెట్టు మీద అతనికి ఏటా ఉన్న పని అదే. ఆ పని ఉన్నంత కాలం అతను ఆ చెట్టు ఎక్కుతాడు, చూస్తాడు, పురుగు పడితే గుర్తుపడతాడు, చచ్చిన దాని పక్కన ఇంకొకటి నాటుతాడు. మేం రిజిస్టరులో ‘నీడ పలచన’ అని కొత్త గడి గీశాం. ఎవరు చేశారు, ఏ నెలలో, కట్టె ఎటు పోయింది అని రాస్తాం. రెండేళ్లు వరుసగా ఆ గడి ఖాళీగా ఉన్న తోటలకు మా క్షేత్ర కార్యకర్త ముందు వెళుతుంది. అలా వెళ్లిన వాటిలో కొన్నిచోట్ల కుటుంబం పనికి వలస పోయింది, ఒకచోట అన్నదమ్ముల మధ్య పంపకం తగాదా ఉంది, ఒక తోటలో కాఫీ అప్పటికే పురుగు తినేసి ఉంది, పైన సిల్వర్ ఓక్‌లు మాత్రం ఉపగ్రహ చిత్రంలో నిండుగా పచ్చగా ఉన్నాయి. ఆ తోటను మేం మొదటి వరుసలో పెట్టాం. నీడకు పని లేని చోట ఆ చెట్లు ఎంతకాలం ఉంటాయో చూడాలి.